ఉచిత బస్సు ఆడవాళ్లందరికా, తెల్ల కార్డు ఉన్నవాళ్లకేనా?

లెక్కల సారు:
తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. మా ఇంట్లో ఇద్దరం ప్రభుత్వ ఉద్యోగులమే. మా ఆవిడకూ జీరో టికెట్టే. ఇదేం న్యాయం? తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకే ఇస్తే, మిగిలే డబ్బుతో కొత్త బస్సులు కొనొచ్చు.

ఆటో అన్న:
మా అడ్డా మీద పొద్దున షేర్ ఆటో ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్లే సార్. ఇప్పుడు గిరాకీ పడిపోయింది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. ఆంధ్రాలో కూడా ఆడవాళ్లకు ఉచిత బస్సు, స్త్రీశక్తి పథకం మొదలయ్యాక, 2025 అక్టోబర్‌లో ఆటోవాళ్లకు 15 వేలు వేశారు. మాకు ఎన్నికలప్పుడు ఏడాదికి 12 వేలన్నారు. ముందు ఆ మాట నిలబెట్టుకోమనండి.

బోరబండ అక్క:
మీ బాధ నిజం అన్నా. మీకిచ్చిన మాట గురించి మేమూ అడుగుతాం. కానీ సార్ చెప్పిన కోతకు నేను ఒప్పుకోను.

మా బస్తీ ఆడవాళ్లు మాదాపూర్ దాకా ఇళ్లల్లో పనికి వెళ్తారు. ఇదివరకు చార్జీలకు భయపడి, నడిచి వెళ్లగలిగే చోటే పని చూసుకునేవాళ్లు. ఇచ్చిన జీతానికే సర్దుకునేవాళ్లు. ఇప్పుడు వెయ్యి ఎక్కువిస్తామంటే దూరమైనా ఆ ఇల్లే పట్టుకుంటున్నారు. మరి కార్డు అడిగితే? వేరు కాపురం పెట్టి ఇంకా కార్డు రానివాళ్లు, అత్తగారి కార్డులో పేరెక్కని కోడళ్లు ముందు బస్సు దిగాలి. కిక్కిరిసిన బస్సులో ఆధార్ చూసి టికెట్ కొట్టడానికే కండక్టర్‌కు తల ప్రాణం తోకకొస్తోంది.

నాకు కోపం వచ్చేది వేరే చోట. 2025 జూన్‌లో సిటీ ఆర్డినరీ నెల పాస్ 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600కు పెంచారు. భార్యకు మిగిలినదాంట్లో కొంత మొగుడి పాస్‌కే పోతోంది. సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడికి 250 అంటే ఇంట్లో వారం రోజుల పాలు. జీరో టికెట్ల డబ్బు సర్కారు ఆర్టీసీకి ఎప్పటికప్పుడు కట్టాలి, పాస్ కొనేవాళ్ల నెత్తిన పడనివ్వకూడదు.

లెక్కల సారు:
పోనీ, ఆదాయపు పన్ను కట్టేవాళ్లనైనా తీసేయొచ్చుగా?

బోరబండ అక్క:
కండక్టర్ పాన్ కార్డు చూస్తాడా సార్? ఉన్నవాళ్ల దగ్గర పన్నులోనే తీసుకోమనండి, బస్సు మెట్ల మీద కాదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మా రూటులో బస్సులు పెంచమని అర్జీ రాయండి, మీతో పాటు నేనూ సంతకం పెడతా.