మైనర్ట్స్‌హాగెన్ పక్షి రికార్డులను కొట్టేయాలా?

నీలిరెక్క:
రిచర్డ్ మైనర్ట్స్‌హాగెన్ (1878–1967) బ్రిటిష్ సైన్యంలో కల్నల్. తూర్పు ఆఫ్రికా, పాలస్తీనా, భారతదేశం, ఎక్కడికి వెళ్తే అక్కడి పక్షుల చర్మాలు పోగుచేశాడు. 1954లో దాదాపు 20 వేల నమూనాలను లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియానికి ఇచ్చాడు. వాటిలో ఎన్నో దొంగసొత్తని అతను పోయాక తేలింది. ఇతరులు సేకరించిన పక్షులను మ్యూజియంలోంచే ఎత్తుకెళ్లి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పట్టారో తెలిపే చీటీ మార్చి, తాను పట్టినట్టు రాసుకున్నాడు. అతని చీటీ తప్ప వేరే ఆధారం లేని ప్రతి రికార్డునూ, అంటే ఫలానా పక్షి ఫలానా చోట దొరికిందన్న ప్రతి నమోదునూ, కొట్టేయాలంటాను. నిజమైనవి కూడా కొన్ని పోతాయి. పోనివ్వండి.

గూడుకట్టు:
అంత తొందరెందుకండీ? ఆఫ్రికాలోని పెద్ద అడవి పంది 1904లో శాస్త్రలోకానికి తెలిసింది ఆయన పంపిన అవశేషాలతోనే. దాని శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఆయన పేరుంది. పక్షిశాస్త్రజ్ఞుడు నికోల్ పూర్తి చేయకుండానే చనిపోతే, ఈజిప్టు పక్షుల గ్రంథాన్ని 1930లో వెలువరించింది కూడా ఈయనే. చీటీ అబద్ధమాడినా చర్మం ఆడదు. దూది ఎలా కూరారు, కాళ్లెలా కట్టారు, కుట్టు ఎక్కడ వేశారు అన్నదాన్ని బట్టి సేకరించిందెవరో పట్టేయవచ్చు. ఎక్స్‌రే తీస్తే లోపలి సంగతీ బయటపడుతుంది. ఒక్కొక్కటిగా పరీక్షించండి, మూటగట్టి పారేయకండి.

నీలిరెక్క:
ఆ పరీక్షే ఏం తేల్చిందో చూడండి. మధ్య భారతంలోని ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ తొలి నమూనా 1872లో దొరికింది. 1884 తర్వాత అది ఎవరికీ చిక్కలేదు, మన కల్నల్‌కు తప్ప! 1914లో గుజరాత్‌లోని మాండ్వీ దగ్గర పట్టానన్నాడు. దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ బృందం విప్పి చూస్తే, అది 1880లలో జేమ్స్ డేవిడ్సన్ అనే సేకరణకర్త ఇప్పటి మహారాష్ట్రలోని ఖాందేశ్‌లో పట్టిన పక్షి. లోపలి దూది మార్చినా డేవిడ్సన్ పనితీరు ఆనవాళ్లు చెరగలేదు. మాండ్వీని పక్కనపెట్టి, పాత నమూనాలు దొరికిన చోట్ల వెతుక్కుంటూ వెళ్తే 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా దగ్గర సజీవంగా కనిపించింది. ఒక్క దొంగ చీటీ నమ్మినవాళ్లను తప్పు అడవికి పంపుతుంది. నా కోపం అందుకే.

పాతచీటీ:
మీరిద్దరూ పక్షుల దగ్గరే ఆగారు. 1905లో కెన్యాలో నంది ప్రజల నాయకుడు కొయిటలెల్‌ను సంధి మాటలకని రప్పించి కాల్చి చంపింది ఈయనే. ఇక మ్యూజియం వారి సంగతి! దొంగతనం అనుమానంతో ఏడాదిన్నర పాటు పక్షుల గదిలోకి రానివ్వలేదు, తర్వాత తలుపులు తీశారు. 1951లో బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం పతకం కూడా ఇచ్చింది. సామాన్య గుమాస్తా అయితే జైలుకెళ్లేవాడు.

గూడుకట్టు:
పాతచీటీ గారూ, కొయిటలెల్ హత్య ఘోరమే. హంతకుడని తేలినంత మాత్రాన ఫలానా పిట్ట ఫలానా ఊళ్లో లేదని రుజువవుతుందా? అది వేరే చర్చ. మాండ్వీ విషయంలో నీలిరెక్క గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ అబద్ధాన్ని బయటపెట్టింది పరీక్షే కదా, కొట్టివేత కాదు. ‘సందేహాస్పదం’ అని గుర్తుపెట్టి రికార్డును అలాగే ఉంచితే నష్టమేముంది?

నీలిరెక్క:
నష్టముంది. పటం గీసేవాళ్లు ఆ గుర్తును చూడరు, చుక్క పెట్టేస్తారు. ఆ చుక్కను చూసి ఇంకొకరు అడవి పట్టుకు తిరుగుతారు. ఒకటి ఒప్పుకుంటాను. 1937లో అఫ్గానిస్తాన్ యాత్రలో మన పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ ఆయన వెంట ఉన్నారు. అలా ఇంకో మనిషి పక్కనున్న యాత్రల చీటీలను ఆ రెండో మనిషి రాతలతో సరిచూసి, సరిపోయినవి ఉంచండి. ఒంటరిగా తిరిగి రాసుకున్న వాటిని మాత్రం, చర్మం పరీక్షలో నిలిచేదాకా, జాబితా గడప దాటనివ్వను.