పెరట్లో కోళ్ళు వాటి గుడ్లు అవే పొడుచుకు తింటున్నాయి, ఎలా మాన్పించాలి?

తెనాలి_పెరడు:
అందరికీ నమస్కారమండి. మాది తెనాలి పక్కన పల్లెటూరు. పెరట్లో 4 గ్రామప్రియ పెట్టలు, 3 నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. సంక్రాంతి దాకా ఏ గొడవా లేదు, ఎండలు ముదిరిన దగ్గర్నుంచి సాయంత్రం వచ్చి చూస్తే గంపలో గడ్డి తడిగా ఉంటోంది, పచ్చసొన అంటుకుని ఉంటోంది, పెంకు ముక్కలు కూడా పెద్దగా మిగలట్లేదు. మొదట పామేమో అనుకున్నాం. మొన్న ఆదివారం కాపు కాస్తే, ఒక గ్రామప్రియ గుడ్డు పెట్టి ఇలా దిగిందో లేదో ఇంకోటి వచ్చి ముక్కుతో పొడిచింది, అంతే, మిగతావన్నీ మూగి క్షణంలో ఊడ్చేశాయి.

మా అత్తయ్యగారేమో రుచి మరిగిన కోడి ఇక మానదు, కోసేయండి అంటున్నారు. పిల్లలు ఒప్పుకోవట్లేదు, నాకూ మనసు రావట్లేదు. పక్కింటాయన ముక్కు చివర కాల్చమంటున్నారు, అది వింటేనే భయంగా ఉంది.

మేత పొద్దున నూకలు, సాయంత్రం తవుడులో మిగిలిన అన్నం కలిపి పెడతాం. నేను 8కి డ్యూటీకి వెళ్తే 5 దాటాక వస్తాను, గుడ్లు అప్పుడే తీస్తాను. గుడ్లకి ఉన్నది ఒకటే పాత గంప, కొట్టం గుమ్మం పక్కన పెట్టాం. కోడిని చంపకుండా దారేదైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

గోదారి_కోళ్ళు:
అమ్మా, కోసే పని అస్సలు వద్దు. ఇది కోడి బుద్ధి చెడిపోయి చేసే పని కాదు, మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ పగిలిన గుడ్డుతోనే. పెంకు పల్చగా ఉండి గంపలో చిట్లితే ఏ కోడైనా తింటుంది, ఎందుకు తినదు, అందులో దానికి కావాల్సిన మాంసకృత్తులూ ఉన్నాయి, కాల్షియమూ ఉంది. ఆ తర్వాత పొడిస్తే లోపల తిండి ఉంటుందని తెలిసిపోతుంది, ఒకదాన్ని చూసి ఇంకోటి నేర్చుకుంటుంది. కాబట్టి ముందు పెంకు సంగతి చూడాలి.

మీరు పెట్టే మేత చూస్తే నాకు కారణం అక్కడే కనిపిస్తోంది. 55 గ్రాముల గుడ్డులో పెంకే 5 గ్రాములకి పైన ఉంటుంది, అందులో 2 గ్రాముల దాకా కాల్షియం. గుడ్లు పెట్టే కోడికి రోజుకి సుమారు 4 గ్రాముల కాల్షియం అందాలి, ఎందుకంటే తిన్నదంతా ఒంటికి పట్టదు. నూకల్లో కాల్షియం ఉందంటే ఉంది అన్నట్టే, మాంసకృత్తులు కూడా 7, 8 శాతం మించవు, గుడ్ల కోళ్ళ కోసం అమ్మే లేయర్ దాణాలో అయితే 16 నుంచి 18 ఉంటాయి. తవుడు మంచిదే గానీ అందులో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది కాబట్టి బయట తిరిగి ఏరుకున్న పురుగూ పుట్రతో నెట్టుకొస్తుంది, గ్రామప్రియ అలా కాదు, అది హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు గుడ్ల కోసమనే తయారుచేసిన రకం, ఎన్నో రెట్లు ఎక్కువ పెడుతుంది. నూకల మీద దాన్ని పెట్టించాలంటే ఎముకల్లోంచి తీసి పెంకు కట్టాల్సిందే పాపం.

కోళ్ళ దాణా కొట్లో లేయర్ మాష్ (పిండిలా ఉండే లేయర్ దాణా) తెచ్చి కనీసం సగం మేత అదే పెట్టండి. పక్కన ఒక చిప్పలో ఆల్చిప్పల రవ్వ గానీ సున్నపురాయి రవ్వ గానీ ఎప్పుడూ ఉంచండి. మీకు సముద్రం దూరం కాదు, నిజాంపట్నం వైపు నుంచి గుల్ల తెచ్చుకున్నా ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, దంచితే చాలు. మెత్తటి పొడి వద్దు, రవ్వలాగే ఉండాలి. పెంకు కట్టడానికి 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే జరుగుతుంది. రవ్వయితే కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతుంది, పొడి అప్పటికే వెళ్ళిపోతుంది. అందుకే సాయంత్రం తిననివ్వడం ముఖ్యం. తాంబూలం సున్నం మాత్రం పెట్టకండి, నోరూ గొంతూ కాలిపోతాయి.

ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా వేయొచ్చు, కానీ పెనం మీద వేయించి, పెంకని గుర్తుపట్టలేనంతగా నలిపి వేయాలి. సగం డిప్పలు అలాగే విసిరేస్తే మనమే నేర్పించినట్టవుతుంది.

సిద్దిపేట_పల్లె:
పైన అన్న చెప్పింది కరెక్టే, కాని దాణా మార్చినంక పెంకు గట్టిపడనీకి కొన్ని దినాలు పడ్తది, అప్పటిదాక గుడ్డు వాటి ముక్కుకు అందకుంట చూస్కోవాలె. అక్కా, 7 పెట్టలకు ఒక్క గంప అంటే సాలదు. 4, 5 పెట్టలకు ఒకటి సొప్పున రెండన్న పెట్టుండ్రి, గుమ్మం కాడ ఎల్తురుల కాదు, మూలకు చీకట్ల పెట్టుండ్రి. ముంగట గోనెసంచి పరదా లెక్క ఏలాడదీస్తే గుడ్డు కండ్లకు కనవడది, కనవడకుంటే పొడవది. గడ్డి కింద రెండించులు ఊక పోస్తే పెట్టేటప్పుడు కిందవడి పలగదు.

గుడ్లు చానవరకు పొద్దుగాల్నే పెడ్తయి, 11 అయ్యేసరికి సగం పని అయిపోతది. నువ్వు డ్యూటీకి పోతవు కాబట్టి ఇంట్ల అత్తమ్మ ఉంటే 10కి ఒకపారి, మధ్యాహ్నం ఒకపారి తియ్యుమను, గుడ్డు ఎంతసేపు గంపల ఉంటే అంత గండం.

ఎవ్వరు తీసెటోళ్ళు లేరంటే జారుడు గూడు చేయించుకో. 12 ఇంచుల సతరం డబ్బా, అడుగు ఎనకకు ఒక ఇంచు, ఒకటిన్నర ఇంచు వాలు ఉండాలె, మీద రబ్బరు మ్యాట్. గుడ్డు పెట్టంగనే మెల్లగ దొర్లి ఎనక అర్రలకు పోతది, దాని మీద మూత ఉంటది, కోడికి అందది. వాలు ఎక్కువైతే గుడ్లు ఒకదానికొకటి తాకి పలుగుతయి, సూస్కో. వడ్లాయన ఒక్క పూటల చేసిస్తడు. నాటు పెట్ట పొదుగుకొస్తే మాత్రం ఈ గూట్ల వద్దు, దానికి మామూలు గంప గడ్డేసి వేరే అర్రల పెట్టుండ్రి, 21 దినాలు దాన్ని ఎవ్వరు కదిలియ్యొద్దు.

కడప_కుర్రోడు:
అక్కా చాలా సింపుల్, గుడ్డుకి చిన్న బొక్క పెట్టి లోపలిదంతా తీసేసి కారప్పొడి నీళ్ళు నింపి గంపలో పెట్టండి, ఒక్కసారి నోరు మండితే మళ్ళీ ముట్టవు. మా ఊర్లో అందరూ ఇదే చెప్తారు.

వెటర్నరీ_స్టూడెంట్:
తమ్ముడూ, కారం పని చేయదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ మనకీ కుక్కలకీ ఎలుకలకీ తెలుస్తుంది గానీ పక్షులకి తెలియదు, వాటి నరాల్లో ఆ గ్రాహకం దానికి స్పందించదు. చిలకలు పండు మిరపకాయలు హాయిగా తినేది అందుకే. కారం నింపిన గుడ్డు కోడికి ఇంకో మేత, అంతే. దాని బదులు చెక్క గుడ్డు గానీ మార్బుల్ గుడ్డు గానీ గోల్ఫ్ బంతి గానీ రెండు మూడు గంపలో ఉంచండి. పొడిచి పొడిచి ఏమీ రాకపోతే ఆసక్తి పోతుంది. పింగ్‌పాంగ్ బంతి వద్దు, తేలిగ్గా దొర్లిపోతుంది.

తెనాలి గారూ, మీరు ఎండలు ముదిరాక మొదలైందన్నారు, అది చాలా ముఖ్యమైన మాట. కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పుతూనే చల్లబడాలి. అలా రొప్పినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, పెంకు కట్టడానికి కావాల్సిన కార్బొనేట్ దాన్నుంచే వస్తుంది కాబట్టి పెంకు పల్చబడుతుంది. పైగా ఎండకి మేత కూడా తగ్గిస్తాయి. మేత తెల్లవారుజామున, చల్లబడ్డాక పెట్టండి, మట్టి పాత్రల్లో నీళ్ళు నీడన ఉంచి మధ్యాహ్నం మార్చండి, కొట్టం మీద తాటాకు గానీ గడ్డి గానీ కప్పి తడపండి.

పెంకు లేని తోలుగుడ్లు, వంకర గుడ్లు కనిపిస్తూ, కోళ్ళు గురక పెట్టడమో తుమ్మడమో చేస్తుంటే అది మేత లోపం కాకపోవచ్చు, కొక్కెర తెగులులో గానీ, ఊపిరికి సంబంధించిన అంటు జబ్బు ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్‌లో గానీ ఇలాగే ఉంటుంది, పశువుల ఆసుపత్రిలో చూపించండి.

ఇక ముక్కు కాల్చడం, దయచేసి చేయకండి. ముక్కు చివర వరకూ నరాలుంటాయి, అది గోరు కత్తిరించడం లాంటిది కాదు. కాల్చిన కోడి నొప్పికి మేత మానేస్తుంది.

డాలస్_తెలుగు:
మాకూ ఇక్కడ టెక్సాస్‌లో జులై, ఆగస్టు ఎండల్లో ఇదే సమస్య వస్తుంది, లేయర్ పెల్లెట్స్ పెడుతున్నా కూడా. నాకు బాగా పనికొచ్చింది మొదట పొడిచేదాన్ని పట్టుకోవడం. ముక్కు మీదా మెడ ఈకల మీదా ఎండిన సొన ఉంటే అదే. దాన్ని వేరే గూట్లో మంచి మేతతో విడిగా ఉంచితే మిగతావి చూసి నేర్చుకోవడం ఆగుతుంది. చాలాసార్లు అన్నీ తింటున్నట్టు అనిపిస్తుంది గానీ మొదలుపెట్టేది ఒకటో రెండో.

తెనాలి_పెరడు:
అందరికీ చాలా థాంక్సండి. గుల్ల తెప్పిస్తున్నాను, అత్తయ్యగారు 10 గంటలకి గుడ్లు తీస్తానన్నారు, కోసే మాట ఇక ఎత్తట్లేదు. ఒక్క డౌట్, రెండు నెలల పిల్లలు కూడా 6 ఉన్నాయి, అవీ అదే మేత తింటాయి, లేయర్ మాష్ వాటికి పర్లేదా?

వెటర్నరీ_స్టూడెంట్:
పర్లేదు అనకూడదండి. గుడ్డుకి రాని పిల్లలకి 1 శాతం కాల్షియం చాలు, లేయర్ మాష్‌లో 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, అదే పనిగా తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. సుమారు 18 వారాలు వచ్చేదాకా వాటికి గ్రోయర్ మేత, అంటే ఎదిగే పిల్లల దాణా, వేరుగా పెట్టండి. అలా కుదరకపోతే అన్నిటికీ గ్రోయర్ మేతే పెట్టి, కాల్షియం గుల్ల రవ్వ రూపంలో మాత్రమే ఇవ్వండి, సాయంత్రం పిల్లల్ని గంప కింద మూసేశాక ఆ చిప్ప పెద్ద పెట్టల ముందు పెట్టండి. అవసరం ఉన్నవి అవే వచ్చి తింటాయి.