హైబ్రిడ్ కారులో కీలెస్ ఎంట్రీ, బటన్ స్టార్ట్: వాడుతున్నవాళ్లు చెప్పండి

రాజోలు_రేవు:
అందరికీ నమస్కారం. ఈమధ్యే స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు తీసుకున్నాం, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఉత్త కరెంటు మోటారుతోనూ నడిచే రకం. నేను హైదరాబాద్‌లో ఉంటాను, బండి రాజోలులో నాన్నగారి దగ్గర ఉంటుంది. ఆయన అంబాసిడర్ రోజుల నుంచీ నడుపుతున్న మనిషి, డ్రైవింగ్‌తో ఏ ఇబ్బందీ లేదు. తాళం తిప్పే పని లేదు, కీ జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్. చిక్కంతా ఆ బటన్‌తోనే. బ్రేకు తొక్కి బటన్ నొక్కుతారు, చప్పుడు రాదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కుతారు, ఉన్నది కాస్తా ఆగిపోతుంది. వెంటనే నాకు ఫోన్: "ఒరేయ్, దీనికి ప్రాణం ఉందో లేదో ఎలా తెలుస్తుందిరా?"

ఇంకో విషయం. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు (బండ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించి నరసాపురం వెళ్లడం ఆయనకు అలవాటు. పంటు మీద ఈ బండితో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉందా? దారిలో కీ బ్యాటరీ అయిపోతే ఏం చేయాలి? షోరూంలో గబగబా చెప్పి పంపేశారు. మీరు రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను.

తణుకు_మామయ్య:
ముందు చప్పుడు మీద ఆశ వదులుకోమనండి. హైబ్రిడ్‌లో బటన్ నొక్కగానే ఇంజిన్ తిరగాలని లేదు. కంప్యూటర్లు లేచి, అన్నీ సరిచూసుకుని, పెద్ద బ్యాటరీని సిస్టంకు కలుపుతాయి. అప్పుడు మీటర్‌లో 'రెడీ' అని పచ్చగా వెలుగుతుంది. అది వచ్చిందంటే బండి స్టార్ట్ అయినట్టే. గేరు డీలో (డ్రైవ్) వేసి బ్రేకు వదిలితే కదులుతుంది. బ్యాటరీ తగ్గినా, ఇంజిన్ వేడెక్కాల్సి ఉన్నా ఇంజిన్ దానంతటదే మొదలవుతుంది. ఎప్పుడు మొదలవుతుందో దాని ఇష్టం. చెవిని నమ్ముకుంటే లాభం లేదు, కంటితో చూడాలి.

బ్రేకు తొక్కకుండా నొక్కితే వేరే కథ. చాలా బండ్లలో మొదటి నొక్కుడుకు యాక్సెసరీ, రెండో నొక్కుడుకు ఇగ్నిషన్ ఆన్. పాటలు వస్తాయి, మీటరంతా దీపావళిలా వెలుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. మా ఇంట్లో పెద్దవాళ్లు తికమకపడేది ఇక్కడే. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని, ఒక్కసారి నొక్కి, పచ్చ అక్షరాలు వచ్చేదాకా ఆగమనండి.

గూడెం_బైపాస్:
మాది గ్రాండ్ విటారా. నేను బటన్ నొక్కగానే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఇది కూడా హైబ్రిడ్ అనే కదా అమ్మారు?

తణుకు_మామయ్య:
మీది మైల్డ్ హైబ్రిడ్ అయి ఉంటుందండి. అదే పేరుతో రెండు రకాలూ అమ్ముతారు. మైల్డ్ దాంట్లో ఇంజిన్‌కు చిన్న మోటారు సాయం చేస్తుందంతే, ఉత్త మోటారుతో బండి నడవదు. అందుకే మామూలు పెట్రోలు బండిలాగే స్టార్ట్ అవుతుంది. ఇక్కడ మాట్లాడేది స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి.

చెరువుగట్టు_భీమవరం:
మామయ్యగారు చెప్పిన యాక్సెసరీ దగ్గరే మా డ్రైవరు మమ్మల్ని నిలబెట్టాడు. రొయ్యల పట్టుబడి రోజు అది. తెల్లవారుజామున మొదలుపెడితే కాటాలు, ఐసు, లారీ లోడింగు అయ్యేసరికి ఎండెక్కిపోతుంది. అంతసేపూ మావాడు బండిలో కూర్చుని పాటలు వింటూ ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాడు. బండి రెడీలో లేదు. తీరా బయల్దేరదామని బటన్ నొక్కితే టకటకమని శబ్దం, మీటరు మినుకుమినుకు. కాసేపటికి అదీ లేదు. ఇంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని బ్యాటరీ దిగిపోవడమేంటని గట్టు మీద ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు.

మెకానిక్ వచ్చాక సంగతి తెలిసింది. ఈ బండ్లలో రెండు బ్యాటరీలు. మోటారును తిప్పేది హై వోల్టేజ్‌ది. తలుపు లాకులు, లైట్లు, కంప్యూటర్లు, కీ సిగ్నల్ అందుకునే యూనిట్, ఇవన్నీ మామూలు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. పెద్ద బ్యాటరీని సిస్టంకు కలిపే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) పనిచేయాలన్నా ఆ చిన్నదాని కరెంటే కావాలి. అది దిగిపోయిందంటే పెద్దది ఎంత నిండుగా ఉన్నా ఉపయోగం లేదు. బండి రెడీలో ఉన్నప్పుడైతే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి చార్జింగ్ ఎక్కుతూనే ఉంటుంది, ఏసీ కూడా నడుస్తుంది. కాబట్టి కూర్చుని ఎదురుచూడాల్సి వస్తే రెడీలో పెట్టుకోవాలి, లేదా పూర్తిగా ఆపేయాలి. మధ్యలో వదలకూడదు. కొన్ని బండ్లు కొంతసేపటికి యాక్సెసరీని వాటంతట అవే ఆపేస్తాయి, మాది అలాంటిది కాదు.

జంప్ స్టార్ట్, అంటే వేరే బ్యాటరీ నుంచి వైర్లతో కరెంటిచ్చి లేపడం మాత్రం తేలిక. స్టార్టర్ మోటారు తిప్పే పని లేదు కనుక కంప్యూటర్లు లేచేంత కరెంటు చాలు. కొన్ని మోడల్స్‌లో 12 వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరవాలన్నా కరెంటు కావాలి! అలాంటివాటికి బానెట్ కింద జంపర్ పెట్టుకునే టెర్మినల్ వేరే ఇస్తారు. మీ బండికి ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. మీ హైబ్రిడ్ నుంచి పక్కవాళ్ల ట్రాక్టర్‌కు జంప్ ఇవ్వమంటే మాత్రం మొహమాటపడకుండా కుదరదనేయండి. ఖరీదైన ఎలక్ట్రానిక్స్ దెబ్బతినొచ్చు.

మండపేట_చిన్నోడు:
ఇదంతా వింటుంటే మామూలు తాళమే నయమనిపిస్తోందండి. తిప్పితే స్టార్ట్, తీస్తే బంద్.

తణుకు_మామయ్య:
తాళం బండికి మాత్రం బ్యాటరీ దిగదా ఏమిటి! కాకపోతే దాన్ని నలుగురు తోసి స్టార్ట్ చేయొచ్చు. దీనికి ఆ వీలు లేదు, వదలడానికి క్లచ్చే లేదు కదా.

ముక్తేశ్వరం_అల్లుడు:
పంటు గురించి నేను చెబుతాను, మాకు కోటిపల్లి రేవు రోజువారీ దారి. పంటు ఎక్కాక గేరు పీలో (పార్కింగ్) పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పవర్ ఆఫ్ చేయాలి. మామూలు బండైతే ఇంజిన్ చప్పుడును బట్టి ఆన్‌లో ఉందని చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుంది. ఇది రెడీలో ఉన్నా చడీచప్పుడూ ఉండదు. ముందు మోటారు సైకిళ్లు, పక్కన మనుషులు ఆనుకుని నిలబడి ఉంటారు. డీలో ఉండగా బ్రేకు మీద కాలు సడలితే చాలు, ముందుకు జరుగుతుంది.

అంతకంటే ముఖ్యం, పంటు ఎక్కేముందు కీ ఎవరి దగ్గరుందో చూసుకోవడం. మా బావగారి కథ వినండి. రామచంద్రపురంలో బండి తీసేటప్పుడు కీ మా అక్క హ్యాండ్‌బ్యాగులో ఉంది. బ్యాగు బండిలోనే ఉంది కాబట్టి హాయిగా స్టార్ట్ అయింది. కోటిపల్లిలో గుడికి వెళ్లొస్తానని అక్క బ్యాగుతో సహా దిగిపోయింది. బండి బీప్ కొట్టింది, మీటర్‌లో కీ లేదని రాసింది కూడా. పంటు ఇంజిన్ మోతలో ఆయన పట్టించుకోలేదు, బండి ఆపనూ లేదు. నడుస్తున్న బండి కీ దూరమైందని ఆగిపోదు, రోడ్డు మీద అలా ఆగితే ప్రమాదం కనుక. అలాగే అమలాపురం దాకా వెళ్లిపోయి, షాపు ముందు ఆపారు. మళ్లీ స్టార్ట్ చేద్దామంటే కీ లేదంటుంది. కీ చూస్తే గోదావరికి అవతల! అక్క తర్వాతి పంటు ఎక్కి, ఆటో మాట్లాడుకుని తెచ్చేదాకా ఆయన ఆ షాపు అరుగు మీదే కూర్చున్నారు. పంటు మీదే ఆపి ఉంటే ఇంకా గొడవయ్యేది. వెనక బండ్లన్నీ దిగాలి, ఇది స్టార్ట్ కాదు, గేరు బటన్‌తో మారే మోడల్ కావడంతో పవర్ లేకుండా పీలోంచి రాదు, తోయడానికీ లేదు.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు ఒకటే పద్ధతి: కీ ఎప్పుడూ నడిపేవాళ్ల జేబులోనే. ఆడవాళ్ల బ్యాగులోకి వెళ్లదు.

పాలకొల్లు_సెంటర్:
ఆడవాళ్ల బ్యాగు ఏం పాపం చేసిందండీ, నడిపేది నేనైతే నా బ్యాగులోనే ఉంటుంది. :)

కీ బ్యాటరీ సంగతి నేను చెబుతాను. చాలా కీల్లో వాడేది సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ, వాచీ షాపుల్లో దొరుకుతుంది. కొన్నింటికి వేరే సైజు, పాతదాని మీద నంబరు చూసి కొనండి. ఉన్నట్టుండి అయిపోదు. మునుపు అంత దూరం నుంచి తెరుచుకునే తలుపు ఇప్పుడు దగ్గరికి వెళ్తే గానీ తెరుచుకోదు, మీటర్‌లో హెచ్చరిక వస్తుంది.

పూర్తిగా అయిపోయినా కంగారు పడక్కర్లేదు. కీ పక్కన చిన్న మీట జరిపితే లోపలి నుంచి ఇనుప తాళంచెవి బయటికొస్తుంది, దాంతో డ్రైవర్ తలుపు తెరవాలి. కొన్ని బండ్లలో తాళం రంధ్రం హ్యాండిల్ దగ్గర చిన్న మూత కింద దాగి ఉంటుంది. అలారం మోగితే మోగనివ్వండి. తర్వాత బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకోండి. కంపెనీ గుర్తు ఉన్న వైపు ఆనించాలని కొన్ని మాన్యువల్స్‌లో ఉంటుంది. బండి గుర్తుపట్టాక బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. కీలో ఉన్న చిన్న చిప్‌కు బ్యాటరీతో పని లేదు, బటన్ దగ్గరున్న కాయిల్ నుంచే దానికి కావాల్సినంత కరెంటు అందుతుంది.

ఇంకోటి, మీ నాన్నగారు ఫోనూ కీ ఒకే జేబులో పెట్టుకుంటారా? మా నాన్నగారు రెండూ కలిపి పంచె మడతలో దోపుకునేవారు. బండి పదే పదే కీ కనబడలేదనేది. బండి 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో బలహీనమైన సిగ్నల్‌తో కీని పిలుస్తుంది, అది చేరేది మీటరు దూరమే. కీ 433 మెగాహెర్ట్జ్ లాంటి పై ఫ్రీక్వెన్సీలో బదులిస్తుంది. పక్కనే ఫోనో, చిల్లర నాణేలో ఉంటే ఆ పిలుపు సరిగా అందదు. వేరే జేబులో పెట్టించాక ఆ గొడవ పోయింది.

గట్టుమీద_ఆత్రేయపురం:
వానల్లో ఇంకో వింత ఉంది. హ్యాండిల్ మీద టచ్ సెన్సర్ ఉన్న బండ్లకు కీ దగ్గరలో ఉండగా గట్టి వాన ధార పడినా, పైపుతో నీళ్లు కొట్టినా చెయ్యి తగిలిందనుకుని లాక్, అన్‌లాక్ అవుతూ టిక్కు టిక్కుమంటుంది. దెయ్యమేమీ కాదు. కడిగేటప్పుడు కీ ఇంట్లో పెట్టేయండి. కాలవ గట్టున కడిగేవాళ్లకు అయితే రెండు విధాలా మంచిది. కీ కాలవలో పడితే కొత్త కీ కొని, బండికి ప్రోగ్రాం చేయించాలి, ఖర్చు బాగానే అవుతుంది. ఇన్సూరెన్స్‌లో కీ పోతే ఇచ్చే యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉంటుంది, రెన్యువల్‌కు అడగండి.

కాకినాడ_అపార్ట్‌మెంట్:
మూసి ఉన్న షెడ్డులో రెడీలో వదిలేసి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదం. చప్పుడు లేదు కదా అని దిగిపోతారు. బ్యాటరీ తగ్గగానే ఇంజిన్ తనే స్టార్ట్ అయి పొగ వదులుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అమెరికాలో ఇలా గరాజ్‌లలో కీలెస్ బండ్ల వల్ల చావులు జరిగాయి. అక్కడ టొయోటా 2020 మోడల్స్ నుంచి ఆటోమేటిక్‌గా ఆగిపోయే ఏర్పాటు పెడతామని ప్రకటించింది. మన బండ్లలో ఉందో లేదో మాన్యువల్ చూడాల్సిందే. కోనసీమలో షెడ్డంటే నాలుగు స్తంభాలు, పైన రేకు కాబట్టి అంత భయం లేదు. షట్టర్ ఉన్నవాళ్లు జాగ్రత్త.

దొంగల సంగతి కూడా చెబుతాను. ఇంట్లో ఉన్న కీ సిగ్నల్‌ను పరికరాలతో బండి దాకా సాగదీసి తలుపు తెరిచే పద్ధతి ఒకటుంది. గేటు పక్క గోడకు కీ తగిలించకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను బండి దగ్గరికి తీసుకెళ్లి తలుపు తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు. కొన్ని టొయోటా కీల్లో లాక్ బటన్ పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ నిద్రపోతుంది, బ్యాటరీ కూడా ఆదా.

రాజోలు_రేవు:
అందరికీ చాలా థాంక్స్. నాన్నగారికి స్పీకర్‌లో చదివి వినిపించాను. పంచె మడత దగ్గర ఆయన గట్టిగా నవ్వారు, ఆయనదీ అదే అలవాటట. ఆయన అడగమన్న ప్రశ్న ఒకటి మిగిలింది. నడుస్తుండగా మనవడు చెయ్యి చాపి బటన్ నొక్కేస్తే రోడ్డు మధ్యలో ఆగిపోతుందా?

తణుకు_మామయ్య:
ఊరికే ఒకసారి తగిలితే ఆగదండి. నడుస్తున్న బండిని అత్యవసరంగా ఆపాలంటే బటన్‌ను రెండు మూడు సెకన్లు అదిమి పట్టుకోవాలి, లేదా వెంటవెంటనే మూడు నాలుగుసార్లు నొక్కాలి. బండిని బట్టి కొంచెం తేడా ఉంటుంది. అలా ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు గట్టిగా తొక్కాల్సి వస్తుంది. యాక్సిలరేటర్ ఇరుక్కుపోవడం లాంటిది జరిగితే తప్ప ఆ జోలికి పోవద్దనండి. మనవణ్ణి మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టమని చెప్పండి.