పెంపుడు పైథాన్‌ను చేతిలోకి తీసుకుంటే కరుస్తుందా, కరవదా?

బ్రాడీపేట_నాన్న:
మాది గుంటూరు. మా పెద్దవాడు విజయవాడలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడి ఫ్రెండ్ దగ్గర బాల్ పైథాన్ అనే పాము ఉందట, మూడడుగుల పొడవు. ఆ కుర్రాడు వేసవిలో మూడు నెలలు ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్తున్నాడు. "మా ఇంట్లో ఉంచుకుంటాంలే" అని మావాడు మాట ఇచ్చేసి వచ్చాడు. ఆ సంగతి మాకు నిన్న రాత్రి అన్నం తింటుండగా చెప్పాడు. వాళ్లమ్మ కంచం ముందునుంచి లేచిపోయింది.

"ఇది కరవని జాతి నాన్నా, మెడలో వేసుకోవచ్చు" అంటాడు వీడు. వీడియోలు చూస్తే ఒకడు పాముకి ముద్దు పెడుతున్నాడు, ఇంకొకడి చేతినుంచి నెత్తురు కారుతోంది. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. పెంచినవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బెజవాడ_కుర్రోడు:
అంకుల్, అసలు టెన్షన్ పడొద్దు. మూడేళ్లుగా పెంచుతున్నా, ఒక్కసారి కూడా కరవలేదు. భయపడితే బంతిలా చుట్టుకుని తల లోపల దాచేసుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. విషం అసలే లేదు. మా వీధి కుక్కలకంటే వెయ్యి రెట్లు నయం.

సత్యనారాయణపురం_వాసి:
మూడేళ్లలో కరవలేదంటే కరవదని అర్థమా? నేను నలభై ఏళ్లుగా స్కూటర్ నడుపుతున్నాను, ఒక్కసారీ పడలేదు. అలాగని హెల్మెట్ తీసేస్తానా? నోరున్న ప్రతి జీవీ కరుస్తుంది. బ్రాడీపేట గారూ, ఆడపిల్ల ఉన్న ఇల్లు, వద్దని చెప్పేయండి.

పటమట_పైథాన్:
ఇద్దరూ తొందరపడుతున్నారు. నా దగ్గర ఇదే జాతి ఐదేళ్లుగా ఉంది. రెండుసార్లు కరిచింది. రెండుసార్లూ డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడే. బయటికి తీసి చేతిలో పట్టుకున్నాక మాత్రం ఎప్పుడూ కరవలేదు.

మొదటిసారి తప్పు పూర్తిగా నాది. ఫ్రీజర్‌లోని ఎలుకను వేడినీళ్లలో పెట్టి కరిగించి, చేతులు లుంగీకి తుడుచుకుని, ముందు నీళ్ల గిన్నె మారుద్దామని మూత తీశాను. ఈ పాముల పెదవుల వెంట చిన్న చిన్న గుంటలు ఉంటాయి. చీకట్లో కూడా వాటితో వేడిని పసిగడతాయి. వెచ్చగా ఉన్నది నా చెయ్యి, వస్తున్నది ఎలుక వాసన. ఇక దాని లెక్కలో అది ఎలుకే. బొటనవేలి కింద పట్టేసి మణికట్టుకు రెండు చుట్లు చుట్టింది. కోపంతో చేసింది కాదు, ఆకలితో చేసింది. అందుకే వదల్లేదు.

రెండోది వేరే రకం. కుబుసం విడిచే ముందు కళ్లు పాలలా మసకబారతాయి, చూపు సరిగా ఆనదు. అది గమనించకుండా పైనుంచి చెయ్యి దించాను. టక్కున తగిలించి వెంటనే వెనక్కి పోయింది. రెండు మూడు చుక్కల రక్తం, గుండుసూది గీసుకున్నట్టు. భయంతో కరిచేది ఇలాగే ఉంటుంది, పట్టుకుని కూర్చోదు.

సత్యనారాయణపురం_వాసి:
అంటే కరుస్తుందనే కదా! ఇంత పురాణం ఎందుకు?

పటమట_పైథాన్:
ఎందుకంటే ఎప్పుడు కరుస్తుందో తెలిస్తే చాలావరకు ఆపొచ్చు సార్. ఇప్పుడు నేను మూత తీయగానే ముందు పేపర్ చుట్టతో దాని ఒంటిమీద మెల్లగా తడతాను. తిండి రోజున తట్టను. తడితే తిండి కాదని దానికి అలవాటైంది. ఎలుకను పొడవాటి పట్టకారుతోనే ఇస్తాను. తిన్నాక రెండు రోజులు ముట్టుకోను, కదిపితే మింగింది కక్కేస్తుంది. తలమీదుగా కాకుండా పక్కనుంచి నడుం కింద చెయ్యి పెట్టి లేపుతాను. మెడను 'ఎస్' ఆకారంలో వెనక్కి మడిచి బుస కొడితే ఆ రోజుకి సెలవు.

లబ్బీపేట_అక్క:
మా తమ్ముడి సంగతి చెప్తాను, నవ్వుకోండి. వాడికీ ఇలాగే తిండి రోజున వేలు పట్టింది. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం" అంటారు కదా, ఇక్కడ కప్ప స్థానంలో మావాడి వేలు. వీడు కంగారులో గట్టిగా లాగేశాడు. దాని పళ్లన్నీ లోపలికి వంగి ఉంటాయి. పైన నాలుగు వరుసలు, కింద రెండు. లాగితే ఇంకా దిగుతాయి. దవడ చీరుకుపోతే పాముకీ దెబ్బే. ఒక పన్ను ముక్క వేల్లో ఉండిపోయి నాలుగు రోజులకి చీము పట్టింది. కుళాయి కింద చల్లటి నీళ్లు దాని మూతిమీద పోసి ఉంటే వదిలేసేదట, తర్వాత తెలిసింది.

అసలు తమాషా ఆ రాత్రి ఆస్పత్రిలో జరిగింది. "పాము కరిచింది" అనగానే అందరూ పరుగులు. పెంపుడు పాము, విషం లేదు అని వీడు మొత్తుకున్నా ఎవరూ నమ్మరు. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, గడ్డకడుతుందా లేదా అని 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూశారు. రక్తపింజర కరిస్తే గడ్డకట్టదు కదా, అందుకు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లు చూసేవన్నీ అవే కేసులు. ఆఖరికి టెటనస్ ఇంజక్షన్ ఇచ్చి పంపారు.

తెనాలి_పొలంగట్టు:
నేను పాములు పట్టి అడవిలో వదిలే పనిలో ఉన్నాను. రెండు మాటలు.

ఒకటి, ఇక్కడ కొందరు బాల్ పైథాన్‌నీ మన కొండచిలువనీ ఒకే గాటన కడతారు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. పెద్దదైనా నాలుగైదు అడుగులు. మన కొండచిలువ పది అడుగులు దాటుతుంది. అడవిలోది చేతికి దొరికితే కరిచి తీరుతుంది, దానికి మనమెవరో తెలియదు. అదీగాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్లు జైలు. ఆ ఫ్రెండ్ దగ్గర ఉన్నది నిజంగా ఆఫ్రికాదేనా అన్నది ముందు తేల్చుకోండి. ఆఫ్రికాదైనా సరే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. చేతులు మారినా తెలపాలి. కాగితం అడగండి.

రెండోది నా భయం. ఇంట్లో పాముని మెడలో వేసుకునే పిల్ల రేపు చేనులో మచ్చల పాము కనిపిస్తే ఏం చేస్తుంది? కొండచిలువ పిల్లా రక్తపింజరా దూరం నుంచి చాలామందికి ఒకేలా కనిపిస్తాయి. కొండచిలువ మచ్చలు చెదిరిపోయి, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. రక్తపింజరకి వీపుమీద గొలుసు అల్లినట్టు వరసగా ఉంటాయి. ఆ తేడా పాపకి నేర్పగలరా? 2018లో దివిసీమలో పాముకాట్లు ఎంత గోల చేశాయో గుర్తుందిగా.

బెజవాడ_కుర్రోడు:
అన్నా, అది వేరే టాపిక్. పాము తెలిసిన పిల్లే జాగ్రత్తగా ఉంటుంది. తెలియనివాళ్లే కర్ర పట్టుకుని పోయి కాటు తింటారు.

తెనాలి_పొలంగట్టు:
పద్దెనిమిదేళ్లవాడి విషయంలో నీ మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. ఆరేళ్ల పిల్ల విషయంలో ఒప్పుకోను.

లబ్బీపేట_అక్క:
పాప ఉంది కాబట్టి ఇంకోటి. కరవకపోయినా సరే, పాముని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటి ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, చిన్నపిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి. ఆ ముద్దుల వీడియోలు చూపించొద్దు.

పటమట_పైథాన్:
అందరూ కాటు గురించే మాట్లాడుతున్నారు, మే నెల గురించి ఎవరూ అడగలేదు. దీనికి వెచ్చటి మూల 32 డిగ్రీలు, చల్లటి మూల 26 ఉంటే చాలు. మన దగ్గర బయటే 44 ఉంటుంది. బయటిదేశాల వీడియోలు చూసి హీటింగ్ మ్యాట్ కొంటారు, ఇక్కడ కావాల్సింది చల్లదనం. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ఆలోచించుకోండి. వేడెక్కిపోయిన పాము నిలకడగా ఉండదు, అప్పుడు పట్టుకోబోతే నేను చెప్పిన లెక్కలేవీ పనిచెయ్యవు.

సత్యనారాయణపురం_వాసి:
పాముకి ఏసీ! మా ఇంట్లో మాకే లేదు.

బ్రాడీపేట_నాన్న:
అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం విజయవాడ వెళ్లి చూసి వచ్చాను. ఆ కుర్రాడు చేతిలో పెడితే పట్టుకున్నాను కూడా. చల్లగా, పొడిగా ఉంది, నేననుకున్నట్టు జిగటగా లేదు. కరవలేదు. ఐదు నిమిషాలు నా చేతిలో ముడుచుకుని కూర్చుంది. మావాడు గెలిచినట్టు చూశాడు నా వైపు. కానీ తినిపించి ఎన్నాళ్లయిందంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నమోదు కాగితం అడిగితే ఆ కుర్రాడు నీళ్లు నమిలాడు, "అప్లై చేస్తానంకుల్" అన్నాడు.

కాగితం వస్తే అప్పుడు చూద్దాం, అది కూడా మావాడి గదిలో, తాళంతో అని చెప్పాను. పాపకి అప్పుడే సంగతి తెలిసిపోయింది, దానికి పేరు కూడా పెట్టేసింది. వాళ్లమ్మ మాత్రం ఆ కాగితం రాకూడదని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. పాము రాకుండా చూడమని పాముల దేవుడికే మొక్కడమేమిటని అడిగితే ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.