పెళ్ళికూతురి ఫొటో వేసిన గిఫ్ట్ కార్డు ఇవ్వాలా, డబ్బులే చేతిలో పెట్టాలా?

గుణుపురం మేనమామ
అందరికీ నమస్కారం. మా మేనకోడలి పెళ్ళి మాఘమాసంలో, పర్లాకిమిడిలో. మేనమామ తరపున పెట్టాల్సిన చీరలూ సారె అన్నీ ఎలాగూ పెడుతున్నాం, అవి కాక పిల్లకి విడిగా ఓ పదిహేను వేలు ఇవ్వాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. మా అబ్బాయి వైజాగ్‌లో ఉద్యోగం, వాడేమో కవర్లో నోట్లు పెట్టి ఇస్తే ఏం బావుంటుంది నాన్నా, దాని ఫొటో, పేరు అచ్చు వేయించి ముందే డబ్బు వేసి ఉంచే ప్రీపెయిడ్ గిఫ్ట్ కార్డు ఇద్దాం, నచ్చింది కొనుక్కుంటుంది అంటున్నాడు. ఫోన్లో చూపించాడు, చూడ్డానికి బావుంది, నేను కాదనను. కానీ చివర్లో డబ్బులు కట్టే పేజీకి వచ్చేసరికి కార్డు ఫీజు అని ఒకటి, ఫొటో వేసినందుకు ఇంకోటి, వాటి మీద జీఎస్టీ, కొరియర్ అన్నీ కలిసి వచ్చాయి, పైగా పదివేలు దాటి ఒక కార్డులో వేయనివ్వట్లేదు, రెండు కార్డులు తీసుకోవాలంట. అంటే ఫీజులు కూడా రెండుసార్లే కదా. పిల్లకి చేరేది పదిహేను వేలే, మన జేబులోంచి పోయేది ఎక్కువ. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఇలాంటివి కొన్నవాళ్ళు, తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా ఉపయోగమేనా?

రాయగడ కిరాణా
డబ్బులు ఇవ్వండి మామయ్యగారూ, వేరే ఆలోచనే వద్దు. నేను కొట్లో కూర్చునేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. మా లైన్లో ఏ కొట్టు ముందు చూసినా క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది, కార్డు గీకే మెషిన్ ఉన్న కొట్లు వెతుక్కోవాలి. ఎందుకంటే ఫోన్లో ఖాతా నుంచి ఖాతాకి వేస్తే మాకు ఖర్చు లేదు, ఈ ప్రీపెయిడ్ కార్డు గీకితే బ్యాంకు మా దగ్గర కొంత కోసుకుంటుంది, మెషిన్‌కి అద్దె కూడా ఉంటుంది, కిరాణాలో మాకు మిగిలేదే తక్కువ. కొత్తగా కాపురం పెట్టిన పిల్లకి కావల్సింది ఏటి, స్టవ్వు, గిన్నెలు, బియ్యం డబ్బా, దుప్పట్లు. ఇవన్నీ సంతలోనో వీధి కొట్లోనో బేరమాడి కొనుక్కునేవి. కార్డు పట్టుకుంటే పెద్ద షోరూంకి వెళ్ళాలి లేదా ఆన్‌లైన్లో కొనాలి, అక్కడ బేరం ఉండదు. ఇది కూడా ఖర్చులోనే లెక్కేసుకోండి, ఫీజు ఒక్కటే ఖర్చు కాదు.

బరంపురం పట్టు
కిరాణా అన్నయ్య చెప్పింది కొట్టు వైపు నుంచి నిజమే. కానీ పెళ్ళిలో కవరు ఇస్తే అది ఎవరి చేతికి వెళ్తుందో ఆ సంగతి ఇక్కడ ఎవ్వరూ మాట్లాడట్లేదు. చదివింపుల దగ్గర ఒక పెద్దాయన పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు, పేరూ ఊరూ ఎంతా రాస్తాడు, డబ్బులు సంచిలో వేస్తారు, రాత్రికి ఆ సంచి పెళ్ళి ఖర్చుల్లోకి వెళ్ళిపోతుంది, వంటవాళ్ళకి, టెంటు వాళ్ళకి, లైటింగ్ వాళ్ళకి. తప్పని నేననను, మా నాన్న కూడా అలాగే సర్దుకున్నారు, చదివింపులు ఉన్నదే దానికి. కానీ మేనమామ పిల్లకని ప్రేమగా ఇచ్చింది కూడా అందులో కలిసిపోతే ఆ పిల్లకి ఏం మిగిలినట్టు? నా పెళ్ళికి మా పెద్దమ్మ కొడుకు నా పేరు వేయించి గిఫ్ట్ కార్డు ఇచ్చాడు. దాన్ని ఎవరూ అడగలేదు, సంచిలో వేయలేదు, పుస్తకంలో గిఫ్టు అని రాసి నా చేతికే ఇచ్చేశారు. అత్తారింటికి వెళ్ళాక దాంతో మిక్సీ, నాకు కావల్సిన పుస్తకాలు కొనుక్కున్నాను, ఎవర్నీ అడక్కుండా. ఆ ఇంట్లో మొదటి నెలల్లో నాదీ అని నేను ఖర్చు పెట్టుకున్న డబ్బు అదొక్కటే. దానికి మా అన్నయ్య ఓ రెండు మూడు వందలు ఫీజు ఎక్కువ కట్టి ఉంటాడు, నా లెక్కలో అది దండగ కాదు.

రాయగడ కిరాణా
అమ్మా, అలాగైతే పిల్ల సొంత ఖాతాలో వేసేయొచ్చు కదా, ఒక్క రూపాయి ఫీజు లేకుండా?

బరంపురం పట్టు
పెళ్ళైన కొత్తలో ఆ ఖాతా పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఎవరి బీరువాలో ఉంటాయో మీరే చెప్పండి అన్నయ్యా. అందరిళ్ళలో అలా ఉంటుందని కాదు, చాలా ఇళ్ళలో ఉంటుంది.

పాత క్యాషియర్
నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, పార్వతీపురం, రాయగడ రెండు వైపులా చేశాను. ఇద్దరి మాటా విన్నాను, నియమాలు ఏమిటో తెలిస్తే మీరే తేల్చుకోవచ్చు కాబట్టి చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

పదివేలు దాటనివ్వకపోవడం ఆ వెబ్‌సైట్ వాడి ఇష్టం కాదు, రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రీపెయిడ్ సాధనాల మీద, అంటే ముందే డబ్బు నింపి వాడుకునే కార్డుల్లాంటి వాటి మీద, ఇచ్చిన ఆదేశాల్లోనే ఒక్కో గిఫ్ట్ కార్డుకి 10,000 గరిష్ఠం. అయిపోయాక మళ్ళీ డబ్బు నింపడానికి లేదు. ఏటీఎంలో డబ్బు తీయడానికి లేదు, వేరే వాళ్ళ ఖాతాకి పంపడానికీ లేదు. ఒక్క వెసులుబాటు ఉంది, కార్డు ఎవరి దగ్గరుందో వాళ్ళు ఒప్పుకుంటే మిగిలింది కొన్నవాళ్ళ ఖాతాకి, అంటే ఏ ఖాతా నుంచి కట్టారో దానికే, వెనక్కి వేయొచ్చు. గడువు కనీసం ఒక ఏడాది ఉండాలి, గడువు ముగిసే ముందు 45 రోజుల్లో మెసేజో మెయిలో పంపి గుర్తు చేయాలి. ఏ ఛార్జీ అయినా ఇచ్చేటప్పుడే చెప్పాలి. కాబట్టి నెలకింత కోస్తాడా, బ్యాలెన్స్ చూసినందుకు కోస్తాడా, గడువు పొడిగిస్తే ఎంత, ఇవన్నీ షరతుల్లో రాసి ఉంటాయి, డబ్బు కట్టకముందే చదవండి, కట్టాక చదివి లాభం లేదు.

ఇంక ఖర్చు. మాటవరసకి కార్డు ఫీజు 100, ఫొటో వేసినందుకు 100 అనుకోండి. జీఎస్టీ 18 శాతం పడేది ఆ ఫీజు మీదే, కార్డులో వేసిన డబ్బు మీద కాదు, అంటే 36. కొరియర్ 60 వేసుకోండి. మొత్తం 296. పదివేల కార్డు మీద ఇది దగ్గర దగ్గర మూడు శాతం, పోనీలే అనుకోవచ్చు. అదే వెయ్యి రూపాయల కార్డు తీసుకుంటే ముప్ఫై శాతం పోయింది. ఫీజు కార్డుకింత అని ఉంటుంది గాని అందులో ఎంత వేశారని చూడదు. అందుకని పుట్టినరోజుకి ఐదువందలు, వెయ్యి ఇచ్చేవాళ్ళు ఫొటో కార్డు జోలికి వెళ్ళకండి, అది నాకు ఎటు చూసినా సబబుగా కనిపించదు. మీ పదిహేను వేలకి రెండు కార్డులంటే ఇదే లెక్కన 592. ఒకటి పదివేలకి కార్డు తీసుకుని మిగతా ఐదువేలు చేతికివ్వండి, నా సలహా అది.

ఇంకోటి మర్చిపోయాను. బట్టల షాపు, బంగారం షాపు వాళ్ళు తమ షాపులోనే చెల్లేలా ఇచ్చే గిఫ్ట్ కార్డులకి ఈ రిజర్వ్ బ్యాంకు నియమాలు వర్తించవు. వాటి గడువు, షరతులు ఆ షాపువాళ్ళ ఇష్టం. ఫీజు లేదు కదా అని అవే కొంటుంటారు చాలామంది, ఆ తేడా తెలుసుకుని కొనండి. పన్ను గురించి భయం అక్కర్లేదు, పెళ్ళికి పెళ్ళికూతురికి వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు.

చికాగో నుంచి పర్లాకిమిడి పిల్లాడు
ఏడాదే గడువా? ఇక్కడ అమెరికాలో 2009 చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులో డబ్బు ఐదేళ్ళ లోపు మురిగిపోకూడదు, ఏడాది పాటు వాడకుండా ఉంటేనే నెలకోసారి ఫీజు కోయడానికి వీలు. కొనేటప్పుడు కట్టే ఫీజు మాత్రం ఇక్కడా ఉంటుంది, నాలుగు నుంచి ఏడు డాలర్ల మధ్య చాలా చోట్ల. నేను ఇక్కడ ఒకటి కొని అమ్మకి పంపిద్దామనుకుంటున్నాను, నడుస్తుందా?

పాత క్యాషియర్
బాబూ, పంపకు. అక్కడ అమ్మే కార్డుల్లో చాలా వాటి మీద ఆ దేశంలోనే చెల్లుతుందని రాసి ఉంటుంది, వెనకవైపు చూడు. అక్కడి చట్టం అక్కడి కార్డుకే, ఇక్కడి కార్డుకి ఐదేళ్ళు ఉంటుందని కూడా ఎవరూ అనుకోవద్దు. అమ్మ ఖాతాకే పంపించు.

నాగావళి గట్టు
ఫొటో, పేరు వేయించేవాళ్ళకి ఒక మాట. మన వైపు ఒరియా బళ్ళో చదివిన పిల్లల పేర్లు ఇంగ్లీషులో ఒకలా ఉంటాయి, ఇంట్లో మనం రాసేది ఇంకోలా ఉంటుంది, ఇంటిపేరు ముందో వెనకో కూడా తేడా. ఆర్డర్ పెట్టేముందు పిల్లనే అడగండి, అచ్చు వేసినవి మామూలుగా వెనక్కి తీసుకోరు. ఇంకా ముఖ్యమైంది, మొబైల్ నంబర్ ఎవరిది ఇస్తున్నారో చూడండి. మా చుట్టాల్లో ఒకాయన కార్డు కొని తన నంబరే ఇచ్చేశాడు, పిల్ల భువనేశ్వర్‌లో షాపులో నిలబడితే ఓటీపీ ఈయన ఫోన్‌కి వచ్చేది, ఈయన పొలంలో ఉండేవాడు. వదిలేసి వచ్చేసింది పాపం.

ఇంకా ఎవరైనా ఫోన్ చేసి మీ ఆఫీసరుని మాట్లాడుతున్నా, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు అంటే పంపకండి. ఆఫీసర్ డీపీ పెట్టుకుని వాట్సాప్‌లో ఇదే మోసం చేస్తున్నారు, నంబరూ పిన్నూ చెప్పాక ఆ డబ్బు తిరిగి రావడం చాలా కష్టం.

గుణుపురం మేనమామ
అందరికీ ధన్యవాదాలు. బరంపురం చెల్లెమ్మ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ వెంటనే కార్డే ఇద్దాం అంది, అప్పటిదాకా నా వైపే ఉండేది. చదివింపుల సంచి సంగతి నాకు తట్టలేదు, మా చెల్లి పెళ్ళిలోనూ అదే జరిగింది. కానీ కిరాణా బాబు చెప్పింది కూడా కొట్టిపారేయలేను, పిల్ల అత్తవారిది కాశీనగర్ దగ్గర పల్లె, అక్కడ మెషిన్ ఉన్న కొట్టు ఎక్కడుంటుంది? పర్లాకిమిడి వెళ్ళాలి. క్యాషియర్ గారు చెప్పినట్టు పదివేలు కార్డు, ఐదువేలు చేతికి అని అబ్బాయికి చెప్పాను. ఫొటో మాత్రం వద్దంటున్నాను, వాడు ఫొటో లేకపోతే మామూలు కార్డే కదా అంటున్నాడు.

బరంపురం పట్టు
ఫొటో లేకపోయినా పేరు ఉండాలి మామయ్యా. పేరు ఉంటేనే ఇది దీనిది అని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఫొటోకి పెట్టేది పిల్లకి ఇంకో జాకెట్టు ముక్కకి పెట్టండి.

రాయగడ కిరాణా
నేను మాత్రం డబ్బులనే అంటాను. పదిహేను వేలూ పెళ్ళిరోజు కాకుండా, గృహప్రవేశం అయ్యాక మేనమామగా వెళ్ళి పిల్ల చేతిలో పెట్టి రండి. సంచీ లేదు, ఫీజూ లేదు.

బరంపురం పట్టు
అందరి ముందూ ఇస్తే అందరికీ తెలుస్తుంది, విడిగా ఇస్తే పుస్తకంలో ఉండదు, రేపు మేనమామ ఏం పెట్టలేదు అంటారు. అదీ చూసుకోవాలి కదా అన్నయ్యా.

వంశధార
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బీరువాలో పాత గిఫ్ట్ కార్డు ఒకటి దొరికింది, బ్యాంకుది, గడువు పోయిన ఏడాదే అయిపోయింది, మూడువేల చిల్లర ఉండాలి అందులో. ఇంక పోయినట్టేనా?

పాత క్యాషియర్
పోలేదు. గడువు దాటాక కూడా ఆ డబ్బు అడిగే హక్కు కార్డు ఉన్నవాళ్ళకి ఉంది, అడిగితే బ్యాంకు ఖాతాలో వేయాలి, లేదా కొత్త కార్డు ఇచ్చి గడువు పెంచమనైనా అడగొచ్చు. కార్డు ఇచ్చిన బ్యాంకుకే రాతపూర్వకంగా పెట్టు, కార్డు రెండువైపులా జిరాక్స్, నీ పాస్‌బుక్ మొదటి పేజీ జత చేసి, తీసుకున్నట్టు రసీదు అడిగి తెచ్చుకో. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. కార్డు మీద నంబర్ చెరిగిపోకుండా ముందు ఒక ఫొటో తీసిపెట్టుకో.