చెదపురుగు బొద్దింక జాతిదేనా?

పరకాల నాన్న:
చెదలు చీమల వైపువి కాదు, బొద్దింకల వైపువి అని ఎనిమిదో తరగతి చదివే మా పాపకు టీచర్ చెప్పిందట. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. "ఉసిళ్లు వేయించుకొని తిన్నం, బొద్దింకలు తిన్నమా?" అంటున్నది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి. సింకు కింద బొద్దింకలు, వెనక అర్ర దర్వాజకు చెదలు. జాతి ఒకటే అయితే బొద్దింకల జెల్ చెదలకూ పనిచేస్తదా?

హనుమకొండ జువాలజీ (రిటైర్డ్):
టీచరమ్మ చెప్పింది కరెక్టే. మేం పాఠాలు చెప్పినప్పుడు చెదలకు ఐసోప్టెరా అని వేరే క్రమం (ఆర్డర్, అంటే కీటకాల్లో ఒక పెద్ద వర్గం) ఉండేది. 2007లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు డీఎన్‌ఏ పోల్చి, వీటిని బొద్దింకల్లోనే కలపాలన్నారు. చీమకు ప్యూపా దశ, అంటే కదలకుండా ఉండి రూపం మార్చుకునే దశ ఉంటుంది. చెదకూ బొద్దింకకూ ఉండదు, పిల్ల పురుగు పొర విడుస్తూ పెరుగుతుంది.

చైనా, కొరియా, అమెరికా అడవుల్లో క్రిప్టోసెర్కస్ అనే బొద్దింక ఉంది. పుచ్చిన మానులో తల్లీ తండ్రీ పిల్లలతో కాపురం! కట్టెను అరిగించే సూక్ష్మజీవులను పిల్లలు పెద్దల మలద్వారం దగ్గరే అందుకుంటాయి. రోత అనిపించినా, చెదలు గుంపుగా బతకడానికి మూలం ఇలాంటి అవసరమే అయ్యుంటుందని నాకనిపిస్తుంది. మన ఇళ్లలోని ఎర్ర బొద్దింకకు ఆ బాధ్యత లేదు, గుడ్ల సంచి ఓ మూలకు అతికించి పోతుంది.

మన గట్ల మీద పుట్ట పెట్టే ఓడోంటోటెర్మిస్ ఒబేసస్ అనే చెద ఇంకో దారి పట్టింది. నమిలిన కట్టె, ఆకు మీద బూజు పెంచి తింటుంది. వానలకు పుట్ట మీద మొలిచే గొడుగులు ఆ బూజువే. అమ్మకు చెప్పండి, ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే.

వరంగల్ పెస్ట్ పని:
జెల్ దండగ అన్నా. బొద్దింక రాత్రి తిరిగి జెల్ తింటది, దాని రెట్ట తిన్నవి కూడా పోతాయి. చెదలు మట్టిగొట్టం లోపలే నడుస్తాయి, జెల్ జోలికి రావు. గొట్టం గీకి కిరసనాయిలు పోస్తే పక్క నుంచి ఇంకోటి కడతాయి. గోడ అంచున డ్రిల్లు పెట్టి మందు నేలలోకి దింపాలి. ముందు తడి ఎక్కడిదో చూడండి.

పరకాల నాన్న:
అవతల బాత్రూమే, నల్లా కారుతున్నది. డ్రిల్లు ఎంత దూరానికొకటి?

వరంగల్ పెస్ట్ పని:
ఫుటుకొకటి. ముందు ప్లంబర్‌ను పిలవండి, తడి ఆగకపోతే మళ్లీ వస్తాయి. మందు దించిన రోజు పాపను ఆ అర్రలోకి రానివ్వకండి.