వర్చువల్ మెషీన్‌లో ఎడ్యు పరికరానికి డ్రైవర్: ఇంటరప్ట్ రాదు, డీఎంఏలో సున్నాలే వస్తున్నాయి

కొత్త కెర్నల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా లినక్స్ డ్రైవర్ రాయడం నేర్చుకుంటున్నాను. అసలు కార్డు కొనే స్తోమత, అది పాడైతే తట్టుకునే గుండె రెండూ లేవు కాబట్టి వర్చువల్ మెషీన్ నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే ‘ఎడ్యు’ అనే బోధన పరికరాన్ని ఎంచుకున్నాను. వర్చువల్ మెషీన్‌కు 2 గిగాబైట్ల ర్యామ్ ఇచ్చాను. కెర్నల్ (లినక్స్ మూలభాగం) 64 బిట్లది.

సరిగా నడుస్తున్నవి: పరికరం దొరుకుతోంది (వెండర్ హెక్స్ 1234, డివైస్ హెక్స్ 11ఈ8), అది దొరికినప్పుడు కెర్నల్ పిలవాల్సిన ప్రోబ్ ఫంక్షన్ పిలుపు అందుకుంటోంది. పరికరం రిజిస్టర్లలో (డ్రైవర్ దానితో మాట్లాడే చోట్లలో) సున్నా ఆఫ్‌సెట్ దగ్గర గుర్తింపు సంఖ్య చదివితే 010000ఈడీ వస్తోంది. హెక్స్ 04లో ఏ సంఖ్య రాసినా బిట్లు తిరగబడి తిరిగి వస్తోంది. హెక్స్ 08లో 5 రాసి, హెక్స్ 20లోని మొదటి బిట్ పడిపోయేదాకా ఆగి చదివితే దాని ఫ్యాక్టోరియల్ 120 వస్తోంది. అక్కడిదాకా పండగే.

నడవనివి రెండు. ఒకటి, ఇంటరప్ట్, అంటే పని అయిందని పరికరం ప్రాసెసర్‌కు ఇచ్చే పిలుపు. ఫ్యాక్టోరియల్ అయ్యాక అది ఇవ్వమని హెక్స్ 80 బిట్ పెట్టాను. ఎంఎస్ఐ (సందేశం రూపంలో వచ్చే ఇంటరప్ట్) వెక్టర్ తీసుకున్నాను, హ్యాండ్లర్ (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్) నమోదు అయింది, ఇంటరప్ట్‌ల పట్టికలో నా డ్రైవర్ పేరు కూడా ఉంది. కానీ లెక్క ఎప్పుడూ సున్నాయే. రెండు, డీఎంఏ, అంటే ప్రాసెసర్ చేయి పెట్టకుండా పరికరమే మెమరీలో చదవడం, రాయడం. ఒక బఫర్‌లోని వాక్యాన్ని పరికరంలోకి పంపి, అక్కడి నుంచి ఇంకో బఫర్‌లోకి తెప్పిస్తున్నాను. రెండో బఫర్‌లో అన్నీ సున్నాలు. ఎందుకైనా మంచిదని మధ్యలో, చివర ఒక్కో సెకను నిద్ర పెట్టాను. బఫర్లు కేమాలక్‌తో (కెర్నల్‌లో మెమరీ ఇచ్చే ఫంక్షన్) తీసుకుని, వర్ట్_టు_ఫిజ్‌తో వచ్చిన భౌతిక చిరునామా ఇస్తున్నాను. ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

రాత్రి డ్యూటీ

చదవడం, రాయడం ప్రాసెసర్ చేస్తుంటే అంతా బాగుంది. పరికరం తనంతట తాను కదలాల్సిన రెండు చోట్లా ఆగిపోయింది. రెండు జబ్బులకూ మూలం ఒకటేననిపిస్తోంది. వర్చువల్ మెషీన్ లోపల, పీసీఐ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐని ‘-వీవీ’తో నడిపి, ఎడ్యు దగ్గర ‘కంట్రోల్’ వరుసలో ఏముందో రాయండి.

ఇంకో మాట. మీ గుర్తింపు పట్టికలో వెండర్‌తో పాటు డివైస్ సంఖ్య కూడా కచ్చితంగా ఇచ్చారు కదా? క్యూఈఎంయూ మామూలు వీజీఏ కార్డు వెండర్ సంఖ్య కూడా 1234నే. ‘ఏ డివైస్ అయినా సరే’ అని రాసి ఒకసారి నేను నా డ్రైవర్‌ను తెర కార్డుకు తగిలించాను. ఫ్యాక్టోరియల్ అడిగితే అది ఏం చెబుతుంది, పాపం.

కొత్త కెర్నల్

డివైస్ సంఖ్య ఇచ్చానండి. ఆ వరుసలో మెమ్ పక్కన ప్లస్ ఉంది, బస్‌మాస్టర్ పక్కన మైనస్ ఉంది.

పాతకాపు

దొంగ దొరికాడు. ప్రోబ్‌లో పీసీఐ_సెట్_మాస్టర్ పిలవలేదు మీరు. పరికరాన్ని ఎనేబుల్ చేసే ఫంక్షన్ ఆ పని కూడా చేస్తుందని చాలామంది అనుకుంటారు, చేయదు. అది రిజిస్టర్లకు దారి తెరుస్తుంది, అంతవరకే. పరికరం తానుగా మెమరీని ముట్టుకోవాలంటే కమాండ్ రిజిస్టర్‌లో బస్ మాస్టర్ బిట్ వేరుగా వెలగాలి.

డీఎంఏకి అది కావాలని ఊహించడం తేలిక. ఎంఎస్ఐకి ఎందుకు అన్నదే అందరూ తడబడే చోటు. పాత పద్ధతిలో ఇంటరప్ట్ అంటే ఒక తీగ పైకి లేవడం. ఎంఎస్ఐలో తీగ లేదు. కెర్నల్ ముందే చెప్పిన ఒక చిరునామాలో పరికరం ఒక విలువ రాస్తుంది. ఆ రాతనే ప్రాసెసర్ వైపు ఇంటరప్ట్‌గా తీసుకుంటారు. అంటే ఎంఎస్ఐ కూడా మెమరీ రాతే. రాసే హక్కు లేని పరికరం రాయబోతే క్యూఈఎంయూ ఆ రాతను చప్పుడు లేకుండా పారేస్తుంది. ఎడ్యు తన వంతు పని సక్రమంగా చేసింది, ఉత్తరం రాసింది. తపాలా పెట్టెకు మీరు తాళం వేశారు.

నమ్మకం కుదరకపోతే వెక్టర్ అడిగేటప్పుడు ఎంఎస్ఐ వదిలేసి పాత పిన్ ఇంటరప్ట్ ఒక్కటే అడగండి. బస్ మాస్టర్ లేకుండానే ఇంటరప్ట్ వస్తుంది. ఈ పరీక్ష ఐదు నిమిషాల పని, చేసి చూడండి. చదివిన దానికంటే చూసినది గుర్తుంటుంది.

కొత్త కెర్నల్

చేశాను. పిన్‌తో వచ్చింది. తర్వాత పీసీఐ_సెట్_మాస్టర్ పెట్టి ఎంఎస్ఐకి మారితే అలా కూడా వచ్చింది. పాతకాపు గారికి, రాత్రి డ్యూటీ గారికి కృతజ్ఞతలు.

కానీ డీఎంఏ ఇదివరకటి కంటే అధ్వానమైంది. రెండో బఫర్‌లో ఇప్పటికీ సున్నాలే. అదనంగా, మాడ్యూల్ నాలుగైదు సార్లు ఎక్కించి దింపేసరికి కెర్నల్ నాకు సంబంధం లేని చోట, ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి ఏదో ప్రాసెస్ ముగిసేటప్పుడు, కుప్పకూలుతోంది. నా డ్రైవర్ పేరు ఆ జాబితాలో లేనే లేదు.

ఖాళీ పాయింటర్

నాకూ ఇదే వచ్చింది తమ్ముడూ. ఎడ్యు మొదట 28 బిట్ల చిరునామాలే చూడగలదు. క్యూఈఎంయూ కమాండ్ వరుసలో ఎడ్యుకి డీఎంఏ_మాస్క్ అనే గుణం ఉంది, దాన్ని 32 బిట్లకు పెంచేస్తే తీరిపోతుంది. డ్రైవర్‌లో ఏమీ మార్చనక్కర్లేదు.

పాతకాపు

ఖాళీ పాయింటర్ గారూ, రోగనిర్ధారణ సరైనదే. మందుతోనే పేచీ. కాలికి చెప్పు బిగువైతే చెప్పు మార్చడం బాగానే ఉంటుంది, కానీ ఇక్కడ నేర్చుకుంటున్నది చెప్పులు కుట్టడం. రేపు అసలు కార్డు ముందు కూర్చుంటే దాని చిరునామా వెడల్పు పెంచే మీట మీ చేతిలో ఉండదు. ఎడ్యుని మొదట చెక్ దేశంలోని మసారిక్ విశ్వవిద్యాలయంలో కెర్నల్ పాఠాల కోసం రాశారు. 28 బిట్ల పరిమితి డ్రైవర్ రాసేవాడికి పెట్టిన పరీక్ష, దాన్ని దాటేస్తే పాఠమే పోతుంది.

కొత్త కెర్నల్ గారూ, జరిగింది చెబుతాను. 28 బిట్లు అంటే 256 మెగాబైట్లు. మీ ర్యామ్ 2 గిగాబైట్లు. కేమాలక్ ఇచ్చిన బఫర్ 1443వ మెగాబైటు దగ్గర పడిందనుకోండి. ఎడ్యు పై బిట్లు కత్తిరించేస్తుంది. మిగిలేది 163వ మెగాబైటు. అక్కడ ఉన్నది మీ బఫర్ కాదు, ఇంకెవరిదో సంసారం. మొదటి బదిలీలో పరికరం పరాయి చోటు నుంచి చదివింది. చదివినందువల్ల ఎవరికీ నష్టం లేదు. రెండో బదిలీలో ఆ చెత్తను ఇంకో పరాయి చోట రాసింది. అక్కడ ఫైల్ సిస్టమ్ వాళ్లు కాపురం ఉంటే వాళ్లు కూలారు. మీ అసలు బఫర్‌ను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి దాంట్లో మొదట ఉన్న సున్నాలే. ఇంతకుముందు కూలకపోవడానికి కారణం బస్ మాస్టర్ లేక ఏ బదిలీ జరగకపోవడమే. మొదటి తప్పు రెండో తప్పును ఇన్నాళ్లూ కాపాడింది.

మీరు రెండు బఫర్లు వాడటం మీ అదృష్టం. పంపడానికీ తెప్పించడానికీ ఒకే బఫర్ వాడి ఉంటే అందులో మీ వాక్యం చెక్కుచెదరకుండా కనిపించేది. ఎందుకంటే ఎవరూ దాని జోలికి రాలేదు! పరీక్ష నెగ్గిందని సంబరపడి ముందుకు వెళ్లేవారు. ఒకే బఫర్‌తో చేసే డీఎంఏ పరీక్షను నేను పరీక్షగా లెక్కించను. కనీసం మధ్యలో వేరే విలువతో నింపాలి.

సరిచేసే పద్ధతి: ప్రోబ్‌లో డీఎంఏ_సెట్_మాస్క్_అండ్_కోహెరెంట్‌కు 28 బిట్ల మాస్క్ ఇవ్వండి, తిరిగివచ్చే విలువ తప్పక చూడండి. బఫర్‌ను డీఎంఏ_అలాక్_కోహెరెంట్‌తో తీసుకోండి. అది రెండు చిరునామాలు ఇస్తుంది, ఒకటి మీ కోడ్‌కు, ఒకటి పరికరానికి. రెండోదే రిజిస్టర్‌లో రాయాలి. మాస్క్ చెప్పాక కెర్నల్ ఆ హద్దు లోపలే చోటు వెతుకుతుంది, అవసరమైతే తొలి 16 మెగాబైట్ల జోన్ నుంచైనా తీసి ఇస్తుంది. వర్ట్_టు_ఫిజ్‌ను డ్రైవర్ నుంచి శాశ్వతంగా సాగనంపండి. మధ్యలో ఐఓఎంఎంయూ (పరికరాలు వాడే చిరునామాలను మార్చే హార్డ్‌వేర్) ఉంటే భౌతిక చిరునామా, పరికరం చూసే చిరునామా ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు మీ మీద నా ఫిర్యాదు. ఎక్కడా ఎర్రర్ లేదన్నారు. గెస్ట్ లోపల, అంటే వర్చువల్ మెషీన్ లోపల వెతికి ఉంటారు. చిరునామా కత్తిరించినప్పుడు ఎడ్యు చెబుతుంది, కానీ బయట, క్యూఈఎంయూ వైపు చెబుతుంది. వెర్షన్‌ను బట్టి నేరుగా టెర్మినల్‌లో పడుతుంది, లేదా ‘-డి గెస్ట్_ఎర్రర్స్’ పెడితే లాగ్‌లో పడుతుంది. మీరు క్యూఈఎంయూను ఎలా నడుపుతున్నారు?

కొత్త కెర్నల్

స్క్రిప్టుతో. దాని అవుట్‌పుట్ అంతా, ఏది వేసినా మాయం చేసే డెవ్ నల్‌లోకి పోతోంది. తెర మీద గందరగోళం వద్దని నేనే పెట్టాను. తీసేసి చూస్తే ‘క్లాంపింగ్ డీఎంఏ’ (డీఎంఏ చిరునామా కత్తిరిస్తున్నాను) అని వరుసగా ఉంది. రెండు వారాలుగా అది అరుస్తూనే ఉంది, నేనే చెవులు మూసుకున్నాను.

మీరు చెప్పినట్టు మార్చాను. వాక్యం రెండో బఫర్‌లోకి వచ్చింది! ఉత్సాహం ఆపుకోలేక మధ్యలో ఉన్న సెకను నిద్రలు తీసేశాను. మళ్లీ సున్నాలు. కూలడం మాత్రం లేదు.

రాత్రి డ్యూటీ

దీనికి జవాబు ఎడ్యు మూలకోడ్‌లోనే ఉంది. క్యూఈఎంయూ సోర్స్‌లో హార్డ్‌వేర్ ఫోల్డర్ కింద ‘మిస్క్’లో ఉంటుంది, నాలుగైదు వందల వరుసలే. అసలు కార్డు అయితే లోపల ఏముందో తెలియక డేటాషీట్ పట్టుకుని జాతకం చూసినట్టు చూస్తాం. ఇక్కడ హార్డ్‌వేరే సీ భాషలో రాసి ఉంది. ఒక సాయంత్రం కేటాయించి చదవండి.

అందులో రెండు సంగతులు కనిపిస్తాయి. బదిలీ కమాండ్ ఇచ్చాక పని వెంటనే జరగదు. 100 మిల్లీసెకన్లకు టైమర్ పెట్టి, అది మోగాక చేస్తుంది. ఈలోపు డీఎంఏ రిజిస్టర్లలో మీరు ఏం రాసినా మాట్లాడకుండా వదిలేస్తుంది. నిద్ర తీసేసరికి మీ రెండో కమాండ్ మొదటిది నడుస్తుండగానే వచ్చింది. అందుకని గాలికి పోయింది.

నిద్ర తిరిగి పెట్టకండి. కమాండ్‌లో 4 బిట్ కూడా కలిపితే బదిలీ ముగిశాక ఇంటరప్ట్ వస్తుంది. హ్యాండ్లర్‌లో హెక్స్ 24 చదివితే హెక్స్ 100 కనిపిస్తుంది. ఫ్యాక్టోరియల్ ఇంటరప్ట్ విలువ వేరు కాబట్టి ఏది ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. చదివిన విలువనే హెక్స్ 64లో తిరిగి రాసి, కంప్లీషన్‌ను (పని ముగిసేదాకా ఆగడానికి కెర్నల్ ఇచ్చే సాధనం) లేపండి. బదిలీ అడిగిన చోట దానికోసం గడువుతో వేచి ఉండండి. గడువు లేకుండా వేచి ఉంటే ఇంటరప్ట్ రాని రోజున మీ ప్రాసెస్ అక్కడే తపస్సు చేస్తుంది.

పరికరం లోపలి బఫర్ హెక్స్ 40000 నుంచి 4096 బైట్లు మాత్రమే. నేను వాడిన పాత వెర్షన్‌లో ఆ హద్దు దాటి అడిగితే గెస్ట్ కాదు, క్యూఈఎంయూనే ఆగిపోయింది. పొడవును డ్రైవర్‌లోనే సరిచూడండి.

ఖాళీ పాయింటర్

మధ్యలో నా సందేహం. నేను పాత పిన్ ఇంటరప్ట్‌తోనే నడుపుతున్నాను. మొదటి ఇంటరప్ట్ రాగానే వర్చువల్ మెషీన్ బిగుసుకుపోతోంది.

రాత్రి డ్యూటీ

హెక్స్ 64లో రాయకుండానే ‘నేను చూసుకున్నాను’ అని తిప్పి పంపుతున్నారు, అంతే కదా? తీగ పైనే ఉంటుంది. హ్యాండ్లర్ బయటకు రాగానే మళ్లీ లోపలికి పిలుస్తారు, అంతులేదు. ‘నాది కాదు’ అని చెప్పి ఉంటే కనీసం కెర్నల్ విసిగి, లక్షలో 99,900 సార్లు ఎవరూ పట్టించుకోలేదని తేల్చి, ఆ ఇంటరప్ట్‌ను మూసేసేది. ఎంఎస్ఐలో ఈ తుపాను రాదు, అందుకే చాలామంది తప్పు బయటపడదు.

ఖాళీ పాయింటర్

నిజమే, రాయలేదు. మాస్క్ సలహా కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్త కెర్నల్

పని అయింది. ఒక ఫ్యాక్టోరియల్, రెండు బదిలీలు చేస్తే ఇంటరప్ట్ లెక్క సరిగ్గా 3. నిద్రలు లేవు. మాడ్యూల్‌ను యాభై సార్లు ఎక్కించి దింపాను, కూలలేదు.

చిన్న అనుమానం: 12 దాకా ఫ్యాక్టోరియల్ సరిగా వస్తోంది, 13కి 1932053504 చెబుతోంది. నా తప్పేనా?

పాతకాపు

కాదు. రిజిస్టర్ 32 బిట్లది. 13 ఫ్యాక్టోరియల్ 6227020800, అందులో పట్టదు. మిగిలిన ముక్కే మీకు వచ్చింది.

తర్వాత వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్టియో పరికరాలకి వెళ్దామని ఉబలాటపడుతుంటారు. ఒక్క రోజు ఆగి, క్యూఈఎంయూ కమాండ్ వరుసలో ఎడ్యు పరికరాన్ని రెండుసార్లు రాయండి. రెండిటికీ మీ డ్రైవర్ ఒకటే. ఏం జరిగిందో చెప్పండి.

కొత్త కెర్నల్

చెప్పడానికి సిగ్గుగా ఉంది. రిజిస్టర్ల చిరునామాను గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టుకున్నాను. రెండో ప్రోబ్ దాని మీదే రాసింది. మొదటి పరికరానికి ఇచ్చిన పని రెండోది చేసింది. ఇక మొదటి దాని ఇంటరప్ట్ వస్తే నా హ్యాండ్లర్ రెండో దాని స్థితి చదివి, సున్నా చూసి, ‘నాది కాదు’ అంది. ఇప్పుడు ఒక్కో పరికరానికి ఒక్కో స్ట్రక్చర్ తీసుకుని పీసీఐ_సెట్_డ్రవ్‌డేటాతో తగిలిస్తున్నాను. హ్యాండ్లర్‌ను నమోదు చేసే రిక్వెస్ట్_ఐఆర్‌క్యూకి కూడా అదే పాయింటర్ ఇస్తున్నాను. రెండూ నడిచాక మళ్లీ రాస్తాను.